హారతి వచ్చేదాకా పాట

పెనుగొండ నుంచి పాలకొల్లు దాకా ఏ ఊళ్లో అడిగినా రామతులసి గురించి ఎవరో ఒకరు కథ చెబుతారు. అందులో సగం అబద్ధం, మిగతా సగం నేను చెప్పిందే. ఆమె పాడుతుంటే వెనకాల సైడ్ డ్రమ్ము వాయించేది నేనే కాబట్టి, అసలు సంగతి రాసే హక్కు కూడా నాదేనని నా అభిప్రాయం. నా పేరు సత్తియ్య. నా గురించి ఇంతే చాలు, డ్రమ్ము వాయించేవాడి మొహం ఎలాగూ ఎవరూ చూడరు.

మాది వీరబ్రహ్మం గారి బ్యాండు. ఆయన క్లారినెట్ వాయిస్తారు, మేమంతా ఆయన్ని మేస్టారూ అంటాం. బూరలు, డ్రమ్ములు, కీబోర్డు, స్పీకర్లు కట్టిన తోపుడు బండి, జనరేటరు, ఈ సరంజామా అంతా ఒక్క వ్యానులో పట్టేస్తుంది, మేమే పట్టం. పెళ్లిళ్ల సీజన్లో కాకినాడ నుంచి జంగారెడ్డిగూడెం దాకా తిరుగుతాం. మేస్టారికి రిహార్సలంటే ఒళ్లు మంట. రేపటి పాట ఇవాళే వాయించేస్తే రేపు ఏం వాయిస్తామంటారు. పాట ఎక్కడ మొదలవుతుందో అందరికీ తెలుసు, ఎటు పోతుందో ఆయనకి కూడా తెలియదు. క్లారినెట్ మూతి పైకెత్తారంటే సాగదియ్యాలి, కిందికి దించారంటే ముగించాలి. మా చదువంతా అదే.

ఇదంతా మా బద్ధకం అనుకునేరు. ఊరేగింపులో పాట ఎంతసేపు ఉండాలో చెప్పేది మేం కాదు. జాతరకి అమ్మవారు వీధుల్లోకి వచ్చినప్పుడు ఒక్కో ఇంటి ముందు ఆగుతుంది. ఆ ఇంటి ఇల్లాలు బిందెడు నీళ్లు పోసి, పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టించి హారతి ఇస్తుంది. ఆ హారతి కొండెక్కేదాకా మేళం ఆగకూడదు. ఒక ఇంట్లో అగ్గిపెట్టె కనపడదు. ఒక ఇంట్లో చంటిపిల్ల ఏడుపు మొదలెడుతుంది. ఒక ఇంట్లో కొత్త చీర కుచ్చిళ్లు కుదిరేదాకా ఇల్లాలు గడప దాటదు. అంతసేపూ మేం వాయిస్తూనే ఉండాలి. అమ్మవారు గుమ్మం ముందు ఉండగా మేళం ఆగిపోయిందంటే, ఆ ఇంటివాళ్లు అమ్మ తమ మీద మొహం తిప్పుకుందనుకుని ఏడాది పొడుగునా బాధపడతారు. ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు గాని, మా వైపు ఇలాగే అనుకుంటారు.

ఇలాంటి మా గుంపులోకి రామతులసి వచ్చి పడింది. ఉండి దగ్గర రైతుల ఇంటి పిల్ల. బీకాం చదివి, భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేది. భర్త గణేష్‌బాబు ఐసు ఫ్యాక్టరీలో పని. వాళ్ల ఇంటి వెనకే రొయ్యల చెరువులు. రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్ల చక్రాలు పగలూ రాత్రీ నీళ్లని చితక్కొడుతుంటే, మిగతావాళ్లు చెవుల్లో దూది పెట్టుకున్నారు, ఈవిడ పాట కట్టింది.

"రొయ్యకేమో ఊపిరి పోస్తావూ, నాకేమో నిద్దర తీస్తావూ" అని ఆ చక్రాన్ని నిలదీసే పాట అది. తన చిన్నాన్న కూతురి పెళ్లిలో మేం వాయిస్తుంటే మా పాటగాడు జాషువాకి గొంతు పూడుకుపోయింది. ఎవరైనా రెండు సినిమా పాటలు అందుకోండమ్మా అని మేస్టారు మైకు చాపితే ఈవిడ వచ్చి తీసుకుంది. రెండూ పాడేసి, మైకు ఇవ్వకుండా మూడోది ఈ చక్రం పాట ఎత్తుకుంది. చెరువుల వాళ్లంతా తమ బాధ తమకే వినపడేసరికి పడీ పడీ నవ్వారు. జాషువా ఆ రోజు నుంచి హాయిగా కీబోర్డు మీదికి మారిపోయాడు. పాడటం కన్నా కూర్చోవడం తనకి ఎక్కువ నప్పుతుందని వాడికి ముందే తెలుసట.

కోడలు రోడ్డు మీద బ్యాండుతో నడవడమేంటని వాళ్లింట్లో గొడవ అవుతుందనుకున్నాం. అత్తగారు లోవమ్మ గారు మా మేస్టార్ని పిలిపించి చాలాసేపు ఆయన కాళ్ల చెప్పుల వంక చూశారట. చివరికి ఆవిడ అడిగింది ఒక్కటే, తన కోడలు ఎండలో చెప్పుల్లేకుండా నడవకూడదు, అన్నం తినకుండా పాడకూడదు. మేం ఎవ్వరం అన్నం తినకుండా వాయించిన పాపాన పోలేదని మేస్టారు మాట ఇచ్చారు.

అసలు గొడవ మాలో మాకే వచ్చింది. రామతులసి పాట రాస్తే రాయి చెక్కినట్టు రాసేది. ఇక్కడ ఊపిరి, ఇక్కడ చరణం, ఇక్కడ ఒక్క దెబ్బతో అందరం ఆగిపోవాలి. పాడేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకునేది. మేస్టారేమో మంచి ఊపులో ఉండగా పాట మధ్యలోకి దూరి, ఎటో గోదావరి గట్టు మీదికి వెళ్లిపోయి, తీరిగ్గా వచ్చేవారు. ఈవిడ కళ్లు మూసుకునే తన పాట తను పాడేసుకునేది. ఇద్దరూ రెండు దారుల్లో పోతుంటే మధ్యలో నా డ్రమ్ము ఎవరికి పుట్టిన బిడ్డో తెలియక తన్నుకునేది. పాట అయ్యాక ఆవిడ మేస్టారి వంక గుర్రుగా చూసేది. ఆయన వక్కపలుకు నోట్లో వేసుకుని ఆకాశం వంక చూసేవారు.

ఆ పంతం మీదే ఆవిడ మా చేత జీవితంలో మొదటిసారి రిహార్సల్ చేయించింది. పెదగరువులంక జాతర కోసం అమ్మవారి మీద పాట కట్టింది. చివర్లో చెయ్యి ఇలా గుప్పిట పట్టగానే బూరలూ డ్రమ్ములూ అన్నీ ఒక్కసారి ఆగిపోవాలి. మేం కూడా మనుషులమే, ఒక్కసారైనా అందరం కలిసి ఆగితే ఎలా ఉంటుందో చూడాలని మాకూ ముచ్చటేసింది. మేస్టారు అయిష్టంగానే సరేనన్నారు.

పెదగరువులంక గోదావరి పాయల మధ్య ఊరు. కొబ్బరి తోటలు, అరటి తోటలు, నాలుగే వీధులు. ఆ ఊరి అమ్మవారి ముందు వాయించడం మేస్టారి నాన్నగారి కాలం నుంచీ మాకే. ఊరేగింపు నాగరత్నం గారి ఇంటి ముందు ఆగింది. పెద్దావిడ, మోకాళ్ల నొప్పులు. పై వాటా నుంచి హారతి పళ్లెం పట్టుకుని గోడ ఆనుకుంటూ దిగుతోంది. రామతులసి కళ్లు మూసుకుని ఆఖరి చరణంలో ఉంది. మేస్టారు క్లారినెట్ పైకెత్తారు, ఇంకా పైకెత్తారు. రామతులసి కళ్లు తెరిచి చూస్తేగా. ఆవిడ గుప్పిట పట్టింది, మేం అలవాటు చేసుకున్నట్టే అందరం ఒక్క దెబ్బతో ఆగిపోయాం. మా బ్యాండు చరిత్రలో అంత శుభ్రంగా ఎప్పుడూ ఆగలేదు.

ఆ నిశ్శబ్దంలో నాగరత్నం గారు మెట్ల మధ్యలో నిలబడిపోయారు. నేను కంగారుగా డ్రమ్ము మీద చెయ్యి వేశాను గాని అప్పటికే ఆలస్యమైంది. ఆవిడ కేకలేస్తే బాగుండేది. మెల్లిగా దిగి, పని పూర్తి చేసుకుని, హారతి కళ్లకద్దుకున్నాక రామతులసి వంక చూశారు.

"అందరి గుమ్మాల ముందూ పాడావు. నా గుమ్మం దగ్గరికొచ్చేసరికి పాట అయిపోయిందా అమ్మా?"

అంత మెత్తగా అడిగిన మాట అంత గట్టిగా తగలడం నేనెప్పుడూ చూడలేదు. రామతులసి మైకు జాషువా చేతిలో పెట్టేసి బండి వెనక్కి వెళ్లి ఏడ్చింది. నేను ఆ వైపు తలెత్తి చూడలేదు. ఆ గుప్పిట చూసి ఆగిన చేతుల్లో నావీ రెండున్నాయి మరి. వ్యానెక్కాక మేస్టారు ఆవిణ్ణి తిట్టలేదు. ఇకమీదట రోడ్డు మీద సినిమా పాటలూ భక్తి పాటలూ పాడుకుందాం, నీ పాటలు నీ ఇంట్లో పాడుకో తల్లీ అన్నారు, అంతే. అది తిట్టు కన్నా పెద్దది. ఎందుకంటే ఆవిడ మాతో తిరిగేదే తన పాటలు తను పాడుకోవడానికి.

తర్వాత కొన్నాళ్లు ఆవిడ పొడిపొడిగా ఉంది. రాజమండ్రిలో ఒక స్టూడియోకి వెళ్లి చక్రం పాట తను రాసుకున్నట్టే రికార్డు చేయించుకుంది. వ్యానులో మాకందరికీ వినిపించింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు, అద్దంలా ఉంది. మేం మెచ్చుకున్నాం. ఆవిడ మాత్రం కిటికీలోంచి చూస్తూ నాతో, బాగానే ఉంది బాబాయ్ కానీ ఇందులో మేస్టారు ఎక్కడా నాకు అడ్డం రావడం లేదు అంది. ముందు సీట్లో మేస్టారు నిద్రపోతున్నట్టు నటించారు. ఆయన నిద్ర నాకు తెలుసు, నిజం నిద్రయితే గురక ఉంటుంది.

ఆ మాఘమాసంలో భీమవరంలో ఒక పెళ్లి. పెళ్లికొడుకుని మండపానికి తీసుకెళ్తుంటే సరిగ్గా మేం రాగానే రైలు గేటు పడింది. గూడ్సు బండి. అది కదలదు, ఆగదు, నత్తలాగా పాకుతోంది. పెళ్లికొడుకు కారు వెనక మోటారు సైకిళ్లు, ఆటోలు, ఐసు లారీ. జనరేటరు పొగ ఒకటి. అవతల గేటు దగ్గర ఆడపెళ్లివారు పన్నీటి బుడ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు, పెట్టెల సందుల్లోంచి కనపడి మాయమవుతున్నారు. మేం సినిమా పాటలు వరసగా అన్నీ వాయించేశాం. ముహూర్తం దగ్గర పడుతోందని పెద్దవాళ్ల మొహాలు మాడిపోతున్నాయి. మేస్టారికి విసుగొచ్చి, రైలు చక్రాల చప్పుడికి తగ్గట్టు క్లారినెట్ మొదలుపెట్టారు. నేనూ పట్టాలు కొట్టుకున్నట్టు డ్రమ్ము కొట్టాను. రామతులసి మొదటిసారి కళ్లు తెరుచుకుని చుట్టూ చూసింది. నవ్వొచ్చినట్టుంది. మైకు తీసుకుంది.

"ఎంత బారున్నావే గూడ్సు బండీ,
పెళ్లికొడుకు కాళ్లు పీకుతున్నాయండీ!
అటు పిల్ల, ఇటు పిల్లాడు,
నడుమ నీకేం పని బొగ్గుల బండీ,
కాస్త తొందరగా కదలండీ!"

జనం గొల్లుమన్నారు. "కదలండీ" అన్న చోట రోడ్డు రోడ్డంతా అందుకుంది. ఆవిడ ఐసు లారీని పాటలోకి లాగింది, ఐసు కరిగే లోపు పెళ్లవుతుందా అని. గేటు వేసినాయన్ని లాగింది. అవతలి వైపు ఆడపెళ్లివారు పెట్టెల సందుల్లోంచే వంత పాడారు. పెళ్లికొడుకు తాతగారు కారు దిగి చిందేశారు. మేస్టారు ఆవిడ పాట మధ్యలోకి దూరారు, ఈసారి ఆవిడ ఆయన వంకే చూస్తూ దారి ఇచ్చింది. ఆయన బయటికొచ్చి ఆవిడకి దారి ఇచ్చారు. నా డ్రమ్ముకి ఆ రోజు ఇద్దరు తల్లిదండ్రులూ ఒకే ఇంట్లో కనిపించారు. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను, గేటు ఎత్తితే బాధపడ్డది ఊరు మొత్తంలో నేనొక్కణ్ణే.

ఇది ఎవరి పాట అని మేస్టారు అడిగితే, ఏమో మేస్టారూ, బండిదేమో అంది రామతులసి. ఆయన అప్పుడే మెచ్చుకుని ఉంటే బాగుండును గాని, ఎప్పటిలాగే ఆకాశం వంక చూసి వక్కపలుకు వేసుకున్నారు. ఆవిడ అక్కడే ఒక మాట అడిగేసింది. పెదగరువులంకలో నాగరత్నం గారి గుమ్మం ముందు తన పాట ఒక్కసారి పాడనివ్వాలి. అది కుదరకపోతే తన పాటల ఊసు మళ్లీ ఎత్తదు, పెళ్లిళ్లలో ఏం పాడమంటే అది పాడుతుంది. మేస్టారు వక్క నమిలేసి, సరేనన్నారు.

అక్కడి నుంచి ఆవిడ పాటలు రాసే తీరే మారిపోయింది. పల్లవి రాసేది, చరణాలు ఖాళీగా వదిలేసేది. ముగింపు రాయడం పూర్తిగా మానేసింది. ఏ ఊరు వెళ్లినా మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆడవాళ్ల మధ్య కూర్చుని, ఎవరింట్లో గేదె ఈనింది, ఎవరి అమ్మాయికి బ్యాంకు ఉద్యోగం వచ్చింది, ఎవరు కొత్త గేటు పెట్టించారు, అన్నీ ఆరా తీసేది. సాయంత్రం ఊరేగింపులో ఆ గుమ్మం ముందుకి రాగానే అవన్నీ పాటలోకి వచ్చేవి. నువ్వు పాడటం మానేసినా పోలీసు డిపార్టుమెంటు వాళ్లు తీసుకుంటారమ్మా అన్నాను నేను.

అన్నిసార్లూ గట్టున పడిందని చెప్పను. కాకినాడ అవతల ఒక ఊళ్లో, వాకిట్లో మెరుస్తున్న కొత్త కారు చూసి దాని మీద చక్కని చరణం కట్టేసింది. ఆ కారు పక్కింటివాళ్లది. ఆ రెండిళ్లకీ గోడ తగాదా. దానికి తోడు కారు అక్కడ పెట్టడం ఇంకో తగాదా అట. ఇంటాయన హారతి ఇస్తున్నంతసేపూ మాకేసి చూసిన చూపుకి అగ్గిపుల్ల అక్కర్లేకుండానే కర్పూరం వెలగాలి. రామతులసి వెంటనే ఆ కారుని పాటలోనే వెనక్కి నడిపించి పక్కింటి ముందు పెట్టించేసింది. రెండిళ్లవాళ్లూ నవ్వారు. ఆ కారు ఆ తర్వాత నిజంగానే జరిగిందో లేదో తెలియదు.

మేస్టారు కూడా మారారు, ఒప్పుకోరు గాని. ఆవిడ మాట వెతుక్కుంటుంటే ఆయన క్లారినెట్ తగ్గించి, మెల్లిగా ఒకే స్వరం పట్టుకుని కాచుకునేవారు. అన్ని దశాబ్దాల్లో ఎవరి కోసమూ ఆగని మనిషి ఒక మాట కోసం ఆగడం చూస్తే నాకు ముచ్చటగా ఉండేది.

మళ్లీ వేసవి వచ్చింది, పెదగరువులంక జాతర వచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర రామతులసి అన్నం కెలికింది గాని తినలేదు. అత్తగారికిచ్చిన మాట గుర్తు చేసి మేస్టారే దగ్గర కూర్చుని పెరుగన్నం తినిపించారు. చెప్పులు కూడా చూసుకోమన్నారు.

అమ్మవారు నాగరత్నం గారి ఇంటి ముందు ఆగింది. కిందటేడు సంగతి ఊరందరికీ గుర్తే, అందుకే మిగతా వీధుల వాళ్లు కూడా అక్కడే పోగయ్యారు. వాకిట్లో నీళ్ల బిందె, పసుపు గిన్నె సిద్ధంగా ఉన్నాయి, పెద్దావిడ లేదు. కింది వాటా తలుపు ఓరగా వేసి ఉంది. రామతులసి కళ్లు బాగా తెరుచుకుని ఆ తలుపు వంకే చూస్తూ తన పాట ఎత్తుకుంది.

"తొందరేమీ లేదు తల్లీ, నిదానంగా రావమ్మా,
అమ్మ నీ కోసమే వచ్చింది, నిలబడే ఉందమ్మా.
మోకాలు నొప్పయితే గోడ పట్టుకు రావమ్మా,
గోడ కూడా నీ చేతి కోసం ఎదురుచూస్తోందమ్మా."

జనంలో ఆడవాళ్లు కొందరు అప్పుడే కళ్లు తుడుచుకున్నారు. పెద్దావిడ రాలేదు. రామతులసి ఆవకాయ జాడీని పాడింది, వాసెన గుడ్డ కట్టి రావమ్మా, వీధి చివరకే వాసన తగిలిందమ్మా అని. నీలం రంగు గేటుని పాడింది. గేటు మీదికి వాలిన మందార కొమ్మని పాడింది. కాకినాడలో ఉద్యోగం చేస్తున్న మనవరాలు పావని ఫోన్లో చూస్తోందమ్మా, జడ సరిచేసుకు రావమ్మా అని పాడింది. పెద్దావిడ రాలేదు. మేస్టారి క్లారినెట్ ఆకాశంలోనే ఉంది. అమ్మవారిని మోస్తున్నవాళ్లు భుజాలు మార్చుకున్నారు, మళ్లీ మార్చుకున్నారు. బూరల వాళ్ల బుగ్గలు ఎర్రబడ్డాయి. రామతులసి మొహంలో మెల్లిగా భయం కనపడింది. పాట ఉంది, గొంతు ఉంది, పెద్దావిడ అసలు వస్తుందో రాదోనని అనుమానం. కిందటేటి మాట మనసులో పెట్టుకుని ఈసారి హారతే ఇవ్వదేమోనని నేనూ అనుకున్నాను.

డ్రమ్ము వాయించేవాణ్ణి కాబట్టి పక్కకి జరగడం నాకు అలవాటు. వాయిస్తూనే గేటు పక్కకి జరిగి కిటికీలోంచి చూశాను.

నాగరత్నం గారు తలుపు వెనకే నిలబడి ఉన్నారు. హారతి పళ్లెం ఒక చేతిలో తయారుగా ఉంది. వెలిగించని కర్పూరం బిళ్ల రెండో చేతి గుప్పిట్లో పెట్టుకుని రామతులసి పాట వింటున్నారు. నొప్పెట్టే ఆ కాలితోనే తాళం వేస్తున్నారు. నన్ను చూశారు. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. నేను చెప్పలేదు. డ్రమ్ము మీద మాత్రం నా చేతులు ఆగలేదు, ఎవరు ఆపమన్నా ఆగేవి కావు. అది చూసి మేస్టారికి ఏదో తెలిసిపోయినట్టుంది, క్లారినెట్ ఇంకాస్త పైకెత్తారు. రామతులసి ఆ క్లారినెట్ వంక చూసి, ఊపిరి పీల్చుకుని, పక్కింటి దూడని పాటలోకి లాక్కొచ్చింది.

ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. పెద్దావిడ కర్పూరం వెలిగించుకుని, గోడ పట్టుకోకుండా, చకచకా నడిచి వచ్చారు. నీళ్లు పోశారు, పసుపు పెట్టారు, హారతి ఇచ్చారు. కర్పూరం కొండెక్కింది. అప్పుడు మేస్టారు క్లారినెట్ దించారు, రామతులసి గొంతు దించింది, నేను చేతులు దించాను. ఎవరూ గుప్పిట పట్టలేదు గాని అందరం ఒక్కసారే ఆగాం.

నాగరత్నం గారు హారతి పళ్లెం రామతులసి ముందుకి చాపారు.

"అయిపోయిందా అమ్మా?"

"మీరు మళ్లీ వెలిగిస్తే ఇంకా ఉందండి," అంది రామతులసి.

ఆవిడ కొంగు చాటు నుంచి ఇంకో కర్పూరం బిళ్ల తీశారు. అమ్మవారిని మోస్తున్నవాళ్లు మమ్మల్నందర్నీ కలిపి తిట్టారు. మేస్టారు క్లారినెట్ మళ్లీ పైకెత్తారు.